కడబంతి ఎవరిది?

విస్తరి ఎటు వేయాలో, ఏది ముందు వడ్డించాలో ఈ కాలం పిల్లలకు తెలియడం లేదని పెద్దవాళ్ళు బాధపడుతూంటారు. స్టీలు కంచాలూ, భోజనాల బల్లలూ వచ్చాక ఇంకా ఈ పట్టింపులెందుకమ్మా అని కూతుళ్ళూ కోడళ్ళూ అడుగుతూంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. మన వడ్డన మర్యాదల చరిత్ర ఒకసారి తిరగేసి చూస్తే ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో మనకే తెలుస్తుంది.

ముందు మంచి సంగతి చెప్పుకుందాం. అరిటాకు కొస ఎడమచేతి వైపుకి రావాలంటారు. వెడల్పు భాగం కుడివైపు ఉంటే అన్నం కలుపుకోవడానికి చోటుంటుంది కదా! పప్పూ నెయ్యితో మొదలుపెట్టి, కూర, పచ్చడి, పులుసు, చారు దాటి మజ్జిగతో ముగిస్తాం. అడగకముందే మారు వడ్డించడం, పక్కవారు తింటూండగా లేవకపోవడం, బంతిలో వలపక్షం చూపకపోవడం, ఇవన్నీ ఎదుటివారి ఆకలిని గమనించే పద్ధతులే.

16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఆతిథ్యాన్ని వర్ణించాడు. వానాకాలం, చలికాలం, ఎండాకాలం, దేనికి తగిన వంటకాలు అప్పుడు అతిథులకు వడ్డించేవాడట. గోదావరి లంకల్లో లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నం పెట్టి పేరు పొందారు. మర్యాదకు ప్రాణం అక్కడుంది.

ఇక రెండో వైపు చూడండి. బంతి మనుషుల్ని కలిపినట్టే విడదీసింది కూడాను. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయించింది. 12వ శతాబ్దంలో పలనాట బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడంటే, అది ఎంత సాహసమో ఆలోచించండి. కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో నేటికీ చాపకూడు జరుగుతుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, సాయపడిన వారిని వెలివేశారు. వెలి అంటే మరేమిటి? బంతిలోంచి లేపెయ్యడమే కదా!

అయితే బ్రహ్మనాయుడి చాపమీద కూడా చోటు దొరకని మనిషి మన వంటింట్లోనే ఉండిపోయింది. మగవాళ్ళ బంతి, పిల్లల బంతి అయ్యాక, ఆఖరున ఆడవాళ్ళది. భర్త తిన్న విస్తట్లోనే భార్య తినడం గొప్పగా చెప్పుకున్న రోజులు మన ముత్తవ్వల నాటివే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని సామెత. మరి వడ్డించే మనిషే కడబంతిన కూర్చుంటే ఆవిడకు వడ్డించేదెవరు? అడుగంటిన అన్నం, చల్లారిన చారు, ముక్కలు అయిపోయిన పులుసు, ఇవేగా మిగిలేవి!

ఇది మర్యాదతో పోయే మాట కాదు, ఆరోగ్యానికి సంబంధించిన మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసు మగవారిలో అది 25 శాతమే. కాన్పులు, నెలసరి వంటి కారణాలు చాలా ఉన్నాయి, నిజమే. కాని ఆకుకూరా పప్పూ అందరికీ అయ్యాక మిగిలితే తినే అలవాటు ఆ లోటును ఎలా పూడుస్తుంది, మీరే చెప్పండి.

అందుకని వడ్డన మర్యాద మానెయ్యమని నేననను. దాన్ని ఇంటిల్లిపాదికీ నేర్పుదామంటాను. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. ఒకపూట కొడుకు వడ్డించవచ్చు, ఒకపూట ఆయన వడ్డించవచ్చు. వంట చేసిన మనిషి కంచంలో పప్పు పడ్డాకే మిగిలినవాళ్ళు ముద్ద ఎత్తడం కూడా ఒక మర్యాదే. ఆకు కొస ఎటున్నా కొంప మునగదు.

ఈ రాత్రి మీ ఇంట్లో భోజనాలయ్యాక, ఆఖరి కంచం ఎవరిదో, అందులోకి ఏం మిగిలిందో ఒక్కసారి చూడండి.