దేవదాసు చీకటి నుంచి హైటెక్ సిటీ అద్దాల దాకా

తెలుగు సినిమాలో ఒంటరితనానికి తొలిరోజుల్లో అమరిన రంగు నలుపు, అమరిన గొంతు ఘంటసాలది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వచ్చిన ‘దేవదాసు’ అందుకు గట్టి సాక్ష్యం. అప్పటి ఫిల్ముకు వెలుతురు బాగా కావాలి, పెద్ద లైట్లు వేస్తే తప్ప బొమ్మ పడదు. అందుకే చీకటిని కూడా లైట్లతోనే పుట్టించేవారు. ఒక పక్క నుంచి ముఖం మీద గట్టి వెలుగు వేసి, రెండో పక్క నీడను పలచబరిచే లైటు తీసేస్తే సగం ముఖం చీకట్లో కలిసిపోతుంది, వెనక గోడ మాయమవుతుంది. మనిషి ఒక్కడే మిగులుతాడు. ఈ సినిమాకు ఛాయాగ్రాహకుడు బి.ఎస్.రంగా. తాగుడుకు లోనైన దేవదాసు కళ్లు మత్తుగా వాలి కనిపించాలని ఆ ఘట్టాలను రాత్రిళ్లు తీశారు. దేవదాసుగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు రెప్పల మీది బరువులో నటనతోపాటు నిద్రలేమి కూడా ఉంది.

సంగీత దర్శకుడు సి.ఆర్.సుబ్బరామన్ సినిమా పూర్తికాకముందే 1952లో కన్నుమూశారు. మిగిలిన పనిని విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. దేవదాసు ఎవరితోనూ చెప్పుకోలేనిదంతా పాటలోకి వచ్చింది. ఎంత ఏకాకి అయినా అతనికి పాట తోడుంది. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు విషాద నాయకులందరికీ ఈ తోడు దొరికింది.

1989లో మణిరత్నం ‘గీతాంజలి’ ఆ నలుపును వదిలేసింది. చావు దగ్గరపడిందని తెలిసిన యువకుడు ఊటీ చేరతాడు. ఛాయాగ్రాహకుడు పి.సి.శ్రీరామ్ వెలుతురును మనుషుల వెనక నుంచి, పొగమంచులోంచి రానిచ్చారు. ముఖం మసకగా, అంచులు మెరుస్తూ ఉంటాయి. ఇళయరాజా సంగీతం ఆ మంచులాగే మెత్తగా కమ్ముకుంటుంది.

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చి, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో స్థిరపడింది. అక్కడికి కాస్త దూరంలో, మాదాపూర్‌లో, 1998 నవంబరులో హైటెక్ సిటీ ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కథలకు కొత్త మనిషి దొరికాడు: చేతిలో ఉద్యోగం, ఊళ్లో అమ్మానాన్న, మనసులో అమెరికా. శేఖర్ కమ్ముల తొలి చిత్రం ‘డాలర్ డ్రీమ్స్’ (2000) ఆ యువకుల గురించే. ఆయనే 2004లో తీసిన ‘ఆనంద్’లో రూప అయినవాళ్లను ప్రమాదంలో పోగొట్టుకున్న అమ్మాయి. పద్మారావునగర్‌లో ఇల్లు, వాన, కిటికీలోంచి పడే పగటి వెలుతురు. ఛాయాగ్రాహకుడు విజయ్ సి.కుమార్ ఆ ఇంటిని చీకటి చేయలేదు. వెలుగున్న ఇంట్లోనే మనుషులు లేకపోవడం తెలుస్తుంది. తెలుగు తెరపై ఇది చిన్న మార్పు కాదు. కె.ఎం.రాధాకృష్ణన్ కర్ణాటక రాగాల బాణీలు కూడా ఏడిపించవు, పక్కన కూర్చుంటాయి.

ఆ తర్వాతి మలుపు శబ్దంలో వచ్చింది. డబ్బింగ్‌లో మాటలు మాత్రమే మళ్లీ చెప్పిస్తారు. గది సొంత చప్పుడు పోతుంది, ఆ ఖాళీని విడిగా చేర్చే చప్పుళ్లతోనో వాద్యాలతోనో నింపాలి. తరుణ్ భాస్కర్ ‘పెళ్లి చూపులు’ (2016) సింక్ సౌండ్‌తో, అంటే చిత్రీకరణ వేళే శబ్దాన్ని పట్టుకుని తీసిన సినిమా. ఇలా తీస్తే ఫ్యాను, వీధి, పక్కింటి గిన్నెల చప్పుడు మిగులుతాయి. సంగీతం ఎక్కడ ఆగాలో నిర్ణయించే వీలు దర్శకుడికి వస్తుంది. మరుసటి ఏడాది సందీప్ రెడ్డి వంగా ‘అర్జున్ రెడ్డి’ దేవదాసు కథను హైదరాబాద్ ఫ్లాట్‌లోకి తెచ్చింది. మందు అదే, మసక గది అదే. నాయకుడు మాత్రం పాడడు. హర్షవర్ధన్ రామేశ్వర్ నేపథ్య సంగీతం అతని కోపాన్నీ దిగులునూ మోస్తుంది.

ఇక హైటెక్ సిటీ ఐటీ కారిడార్‌లో రాత్రి దృశ్యం తీయాలంటే గాజుతో తంటా. గది లోపలి వెలుగు ఎక్కువైతే కిటికీ అద్దంగా మారుతుంది, లోపలి మనిషికి ఊరికి బదులు తన ముఖమే కనిపిస్తుంది. ఛాయాగ్రాహకుడు లోపలి దీపాలను తగ్గిస్తూ పోతే ఒకచోట రెండు వెలుగులూ సమమవుతాయి. అప్పుడు గాజు మీద ఆ ముఖమూ, దాని గుండా దుర్గం చెరువు తీగల వంతెన దీపాలూ ఒకేసారి తెర మీదికి వస్తాయి. ఆ షాట్ కింద ఏసీ హోరు ఒక్కటే ఉంచితే వేరే వాద్యం అక్కర్లేదు.