చేతి ఒడుపు నుంచి సమీకరణానికి: ఈజింగ్ వక్రాలు, క్యూటి డాక్యుమెంటేషన్ – చారిత్రక పరిశీలన

కీలకపదాలు: యానిమేషన్, ఈజింగ్ వక్రం, బెజియే, క్యూటి, డాక్యుమెంటేషన్, సాంకేతిక పరిభాష

ఉపోద్ఘాతం

కొల్లేటిలో తాటిదోనె నడిపే మనిషి గెడను అడుగున ఊని తోసినప్పుడు దోనె క్రమంగా వేగం పుంజుకొంటుంది. గెడ పైకి తీశాక నీటి నిరోధానికి లోబడి నెమ్మదిస్తుంది. కంప్యూటర్ తెరపై తొలి, తుది స్థానాలు మాత్రమే చెప్పి నడిమి దూరాన్ని సమభాగాలుగా పంచితే ఈ తీరు కనిపించదు. బొమ్మ మరయంత్రంలా కదిలి చటుక్కున ఆగుతుంది. ఈ లోటును తీర్చేదే ఈజింగ్ వక్రం. గడచిన కాలం ఎన్నో వంతో చెబితే, పూర్తయిన చలనం ఎన్నో వంతో తెలిపే ప్రమేయమిది. చేతి ఒడుపుగా ఉన్న ఈ జ్ఞానం సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్కులో చేరిన క్రమాన్ని, దానిని వివరించే డాక్యుమెంటేషన్ స్వయంగా కదలవలసివచ్చిన కారణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చిత్రకారుని పట్టిక, పెన్నర్ సమీకరణాలు

డిస్నీ చిత్రకారులు ప్రధాన చిత్రం అంచున ఒక చిన్న గీతల పట్టిక వేసేవారు. గీతలు దగ్గరగా ఉన్నచోట చలనం నెమ్మది, ఎడంగా ఉన్నచోట వేగం. ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వెలువరించిన గ్రంథంలో దీనిని పన్నెండు సూత్రాలలో ఒకటిగా చేర్చారు. పిక్సార్‌కు చెందిన జాన్ లాసెటర్ 1987 సిగ్‌గ్రాఫ్ పత్రంలో ఆ సూత్రాలను కంప్యూటర్ యానిమేషన్‌కు అన్వయించారు.

రాబర్ట్ పెన్నర్ 2001 ప్రాంతంలో ఫ్లాష్ కోసం రాసిన సమీకరణాలు ఈ ఒడుపును ఎవరైనా పిలుచుకోగల ప్రమేయాలుగా మార్చాయి. వర్గ ప్రమేయపు ‘ఇన్’ రూపంలో సగం కాలానికి పావు దూరమే పూర్తవుతుంది. ‘అవుట్’ రూపంలో ముప్పావు. స్వేచ్ఛగా వాడుకోవడానికి వీలిచ్చే బీఎస్‌డీ లైసెన్సు వీటి వ్యాప్తికి తోడ్పడింది.

క్యూటి 4.6: కదిలే వివరణ

అప్పటికి నోకియా అధీనంలో ఉన్న క్యూటి ఫ్రేమ్‌వర్క్ 2009 డిసెంబరులో, 4.6 సంచికతో, యానిమేషన్ వ్యవస్థను, పెన్నర్ సమీకరణాల ఆధారంగా ‘క్యూఈజింగ్‌కర్వ్’ అనే తరగతిని చేర్చింది. ఇక్కడొక చిక్కు ఉంది. ‘ఇన్‌క్వార్ట్’, ‘ఇన్‌క్వింట్’ అన్న పేర్లు చదివితే తేడా బోధపడదు. సగం కాలానికి మొదటిది పదహారో వంతు, రెండవది ముప్ఫైరెండో వంతు దూరం పోతుందన్నా కంటికి ఏమీ తట్టదు. అందుకే ప్రతి పేరుకూ ఒక రేఖాచిత్రం జతచేశారు. అంతటితో ఆగక, జాబితాలో వక్రాన్ని ఎంచుకొంటే బొమ్మ ఆ తీరునే కదిలే ఉదాహరణ ప్రోగ్రామును కూడా అందించారు. కంపన పరిమితి, ఆవర్తన కాలం వంటి విలువలను అందులోనే మార్చి చూడవచ్చు. సమీకరణాల చేర్పు కంటే ఇదే ముఖ్యమైన మెట్టు. సూత్రంగా మారినప్పుడు కంటికి దూరమైన చలనం వివరణ ద్వారా తిరిగి కంటికి చేరింది.

వివరణ లేని జ్ఞానం ఏమవుతుందో బెజియే వక్రం చరిత్ర చెబుతుంది. 1959లో సిట్రోయెన్ కార్ల సంస్థలో పాల్ ద కాస్టెల్జో కనుగొన్న పద్ధతి సంస్థ రహస్యంగా ఉండిపోయింది. రెనోలో పియెర్ బెజియే తన పద్ధతిని ప్రచురించారు, పేరు ఆయనకే దక్కింది. తెలుగు ఫాంట్లలోని గుండ్రని అక్షరాల అంచులను గీసేవి కూడా ఈ వక్రాలే. 2009లో ముసాయిదాగా వచ్చిన సీఎస్ఎస్ ట్రాన్సిషన్స్ వీటినే ఈజింగ్‌కు వాడుకొంది; రెండు పిడులను లాగుతూ వక్రాన్ని దిద్దుకొనే పేజీని 2011లో లియా వెరూ రూపొందించారు. అయితే పదేపదే ఎగిరిపడే చలనం ఒక్క ఘన బెజియే వక్రానికి లొంగదు. వక్రాలను గొలుసుగా కూర్చే వీలు క్యూటి 5.0లో వచ్చింది.

తెలుగులో పేర్ల సమస్య

2015లో తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ ఏర్పడింది. 2021లో ఏఐసీటీఈ తెలుగు సహా ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించింది. కదిలే బొమ్మకు అనువాదం అక్కరలేదు గాని, పేరుకు కావాలి. ‘క్వాడ్’, ‘క్యూబిక్’లకు బడిలో నేర్చిన వర్గం, ఘనం ఉన్నాయి. ‘బ్యాక్’ను వెనుక అని అనువదిస్తే అర్థం చెడుతుంది, ‘ఇన్‌బ్యాక్’ చూపేది ఢీకొనబోయే పొట్టేలు ముందుగా వేసే వెనకడుగును.