బొమ్మ గీసిన చెయ్యి, దాన్ని గుర్తించిన కన్ను

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘం వారు అడిగారు. సోషల్ మాస్టారుగా పని చేసి రిటైరైన వాణ్ణి కనక రాజుల గురించో, ఉద్యమాల గురించో రాస్తాననుకుని ఉంటారు. కానీ పాఠ్యపుస్తకంలో ఆఖరి పేజీలో, పరీక్షలకు ముందు ఎప్పుడూ వదిలేసే పాఠం ఒకటుంది: మన ఆధునిక చిత్రకళ. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటాను.

అమృతా షేర్‌గిల్ గురించీ, జామినీ రాయ్ గురించీ, హుసేన్ గురించీ రాయడానికి చాలా ఉంది. అయితే ఈ సంచిక చదివేది మాస్టార్లూ, వాళ్ల శిష్యులూ. అందుకని చిత్రకారులతో పాటు వాళ్ల గురువుల్ని కూడా చూద్దాం.

రాజా రవివర్మతో మొదలుపెట్టాలి. ఆయన పాశ్చాత్యుల తైలవర్ణాల పద్ధతిలో మన పురాణ కథలు వేశారు. 1894లో బొంబాయిలో లితోగ్రాఫ్ ప్రెస్సు పెట్టి వాటిని అచ్చు వేయించాక, ఆయన లక్ష్మి, సరస్వతి సామాన్యుల ఇళ్లలోకి వచ్చేశారు. మన పెద్దలు పూజగదిలో దణ్ణం పెట్టుకున్న పటాల్లో చాలా వాటికి మూలం ఆయన బొమ్మలే.

తర్వాతి తరానికి ఈ పద్ధతి నచ్చలేదు. కథ మనది, చూపు మాత్రం పరాయిది అన్నారు. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్ ప్రిన్సిపాల్ హావెల్ ఇంగ్లీషువాడే. అయినా యూరప్ బొమ్మలకు నకళ్లు తీయడం మానేసి మొగలాయి, రాజపుత్ర చిత్రాలు చూడమని విద్యార్థులకు చెప్పాడు. విద్యార్థులే ఎదురు తిరిగారు, తమకు మంచి చదువు అందకుండా చేస్తున్నాడని! హావెల్ పట్టు వదల్లేదు. అవనీంద్రనాథ్ టాగూరును వైస్ ప్రిన్సిపాల్‌గా తెచ్చుకున్నాడు. 1905 నాటి 'భారతమాత' అవనీంద్రుడిదే. కాషాయ వస్త్రం, నాలుగు చేతులు, పొగమంచులో నుంచి చూస్తున్నట్టుండే రంగులు. రంగు వేసిన కాగితాన్ని నీళ్లతో తడిపి, ఆరబెట్టి, మళ్లీ రంగు వేసే వాష్ పద్ధతి ఇది. జపాను చిత్రకారుల సాంగత్యంతో ఆయనకు అబ్బింది.

ఇటువంటి కథే మన రాజమండ్రిలో ఇంకొకటి జరిగింది. అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఓస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు. కుర్రాళ్లను వెంటబెట్టుకుని గోదావరి గట్టు మీదికి వెళ్లేవాడు. ఆ కుర్రాళ్లలో అడివి బాపిరాజు ఒకరు, దామెర్ల రామారావు ఇంకొకరు. రామారావు 1897లో పుట్టారు. బొమ్మల పిచ్చి ఉన్న పిల్లవాడు. అటువంటి వాణ్ణి ఎవరైనా ఏం చేస్తారు? పుస్తకం ముందు కూర్చోబెడతారు. కూల్డ్రే మాత్రం ఈ కుర్రాడి చోటు ఇది కాదని గ్రహించి బొంబాయి దారి చూపించాడు. 1916లో రామారావు జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు.

బొంబాయిలో మనిషి శరీరాన్ని ఉన్నదున్నట్టు గీయడం నేర్చుకున్నారు. అజంతా గీత ఆయన్ని పట్టుకుంది. బెంగాలు వారి పద్ధతీ తెలుసు. అయినా వేటికీ నకలు కాకుండా తనదైన బొమ్మ వేశారు. 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం' చూడండి. గీత నెమ్మదిగా వంపు తిరుగుతూ పోతుంది. మనుషులు బరువూ ఒడ్డూ ఉన్న మనుషుల్లా నిలబడతారు. ఆడవాళ్ల కట్టూ బొట్టూ, కొప్పులో పూలూ మన ఇళ్లలో చూసినవే. గోదావరిని, కొండలను, ప్రయాణాల్లో చూసిన కాఠియవాడు పల్లె జనాన్ని కూడా వేశారు. తిరిగి వచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

అక్కడితో కథ ముగిసిపోవలసింది. ముగియలేదు. భార్య సత్యవాణి గారూ, మిత్రుడు వరదా వెంకటరత్నం గారూ ఆ బొమ్మల్ని చెదిరిపోనివ్వలేదు. వెంకటరత్నం గారు కళాశాలను నిలబెట్టి ఎందరికో కుంచె పట్టడం నేర్పారు. రాజమండ్రిలో దామెర్ల పేరున ఉన్న చిత్రశాల వాళ్ల చలవే. గోదావరి పుష్కరాలకు వెళ్లినవాళ్లం ఎంతమందిమి ఆ గుమ్మం తొక్కాం?

బెంగాలు వైపు పాయ కూడా చివరికి మన దగ్గరికే వచ్చింది. అవనీంద్రుడి శిష్యుడు నందలాల్ బోసు. శాంతినికేతనంలో కళాభవన్ నడిపారు. 1938లో హరిపుర కాంగ్రెసు మహాసభకు గాంధీగారు కోరితే నందలాల్ వేసిన బొమ్మల్లో దేవతలు కాదు, డప్పు వాయించేవాడు, బట్టలు కుట్టేవాడు, వంట చేసే ఆడమనిషి ఉన్నారు. సభకు వచ్చిన రైతు తనను తాను చూసుకున్నాడు. నందలాల్ శిష్యుల్లో వినోద్ బిహారి ముఖర్జీ ఒకరు. పుట్టుకతోనే చూపు మందం. నడివయసులో అదీ పోయింది. అయినా రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశారు, పాఠాలు చెప్పారు. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ గురువు మీద 1972లో సినిమా తీశారు.

ఓరుగల్లు ప్రాంతం నుంచి శాంతినికేతనం వెళ్లి చదువుకున్నవారు కొండపల్లి శేషగిరిరావు గారు. వెనక నిలిచినవారు మెహదీ నవాజ్ జంగ్. అదే శాంతినికేతనంలో చదువుకున్న కె.జి. సుబ్రహ్మణ్యన్ బరోడాలో గురువయ్యారు. ఆయన దగ్గరికి తెలంగాణ పల్లెల నుంచి ఇద్దరు వెళ్లారు. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి లక్ష్మా గౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి తోట వైకుంఠం. లక్ష్మా గౌడ్ రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మల్లో మేకలు, చెట్లు, పల్లె మనుషులు ఒకరినొకరు అల్లుకుని ఉంటారు. వైకుంఠం చిన్నప్పుడు ఊళ్లో నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చూసేవారు. ఆ అలంకరణ, నల్లని మేని ఛాయ, నుదుట రూపాయంత కుంకుమ బొట్టు, ముదురు రంగుల చీర ఆయన బొమ్మల్లోకి అలాగే నడిచి వచ్చాయి. ఆ బొమ్మను ఎక్కడ చూసినా సంతకం అక్కర్లేదు.

బడి పంతుళ్లకు మరీ దగ్గరివారు సిద్దిపేట కాపు రాజయ్య గారు. డ్రాయింగు మాస్టారిగా పని చేస్తూనే నకాషీ పనివారి గీతనూ రంగునూ తీసుకుని బోనాలు, బతుకమ్మ, కూలి జనం వేశారు. ఆయన పేరు దేశమంతా వెళ్లింది.

హావెల్, కూల్డ్రే, నందలాల్, సుబ్రహ్మణ్యన్. ఒక్కో చిత్రకారుడి వెనక ఒక్కో గురువు. వాళ్లు శిష్యుల చేత తమ బొమ్మ వేయించలేదు, ఎవరి ఊరి బొమ్మ వాళ్ల చేత వేయించారు.

మన కాలంలో బడిలో డ్రాయింగు మాస్టారు ఉండేవారు. లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారు చేసేవారు. నల్లబల్ల మీద ఒక్క గీతతో కుండ గీస్తే క్లాసంతా నోరు తెరిచి చూసేది. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు భర్తీ కాలేదు. ఇప్పటికీ టైంటేబుల్‌లో డ్రాయింగు పీరియడు ఉంది, అందులో లెక్కలు చెబుతున్నారు. లెక్కలు వద్దని నేననను. కానీ నోటుబుక్కు వెనక పేజీలో బొమ్మలు వేసుకుంటున్న పిల్లో పిల్లాడో ఇవాళ కూడా ఏదో క్లాసులో ఉండే ఉంటారు. వాళ్ల చేతిలోంచి పుస్తకం లాక్కునేవాళ్లే తప్ప, ఏదీ చూపించమ్మా అని అడిగేవాళ్లు లేకపోతే మనకెలా తెలుస్తుంది?

మన సంఘానికి యాభై ఏళ్లు వచ్చాయి. గేటు కట్టాం, వాటర్ ట్యాంకు కట్టాం, సంతోషం. ఈ ఏడు నా విన్నపాలు రెండే. వారానికి రెండు రోజులు వచ్చే డ్రాయింగు మాస్టారికి గౌరవ వేతనం, పిల్లలకు కాగితాలు, రంగులు సంఘం ఇవ్వాలి. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏడాదికోసారి రాజమండ్రి దామెర్ల చిత్రశాలకు తీసుకెళ్లాలి. మొదటి ఏడాది బస్సు ఖర్చు నాది. పిల్లల వెంట నడిచే ఓపిక ఉన్నవాళ్లు సంఘం కార్యదర్శికి పేరివ్వండి.