చచ్చినవాడు లేచొచ్చే కథలు: రాజమహేంద్రవరం నుంచి పాతాళభైరవి దాకా

చనిపోయిన పాత్రను బతికించే మంత్రం ఎవరి చేతిలో ఉండాలి? ఎన్నిసార్లు పనిచేయాలి? 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను తెచ్చినప్పటి నుంచీ, సాహసవీరుల వేషం కట్టి ఆడే ఆటల్లో ఈ తగువు తెగడం లేదు. మన రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగు కావ్యం 11వ శతాబ్దంలోనే ఈ చిక్కుముడి విప్పింది.

రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో కచుడి కథ ఉంది. చచ్చినవాళ్లను లేపే మృతసంజీవని విద్య రాక్షసుల గురువు శుక్రాచార్యుడొక్కడికే తెలుసు. యుద్ధంలో పడ్డ రాక్షసులు తెల్లారేసరికి లేచి కూర్చుంటే దేవతలకు గెలుపెక్కడిది? ఆ విద్య కోసం బృహస్పతి కొడుకు కచుడు శిష్యుడిగా చేరాడు. రాక్షసులు అతణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిద కల్లులో కలిపి గురువు చేతే తాగించారు. ఇప్పుడు శిష్యుడు లేవాలంటే గురువు పొట్ట చీలాలి. అందుకే శుక్రుడు కడుపులో ఉన్నవాడికే మంత్రం చెప్పాడు. బయటికొచ్చిన కచుడు గురువును బతికించాడు.

కథ ఇక్కడితో అయిపోతే అది వట్టి గారడీ. శుక్రుడి కూతురు దేవయాని తనను పెళ్లాడమంది. నీ తండ్రి కడుపున పుట్టాను, నువ్వు చెల్లెలి వరస అన్నాడు కచుడు. ఆ విద్య నీకు ఫలించదని ఆమె శపించింది. నేను నేర్పినవారికి ఫలిస్తుందని అతను వెళ్లిపోయాడు. ప్రాణం తిరిగొచ్చింది, వరస మారిపోయింది. నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచిన సంగతి ఇదే.

రాజరాజనరేంద్రుడి కొడుకుగా చెప్పుకునే సారంగధరుడిది మరో కథ. సవతి తల్లి చిత్రాంగి నింద వేసింది, తండ్రి కాళ్లూ చేతులూ నరికించాడు, సిద్ధుడొకడు వాటిని మళ్లీ మొలిపించాడు. శాసనాల్లో కనిపించే రాజరాజు కొడుకు మాత్రం 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడే. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. 15వ శతాబ్దపు గౌరన, 17వ శతాబ్దంలో తంజావూరి చేమకూర వెంకటకవి ఈ కథను కావ్యాలకెక్కించారు. 19వ శతాబ్దం చివర బళ్లారి నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’లో సిద్ధుడి మహిమను పక్కనబెట్టి కథను విషాదాంతం చేశారు. అవయవాలు తిరిగొస్తే తండ్రి పాపం చులకనైపోతుంది. అందుకే ఆయన చేసింది సరైన పనని నా నమ్మకం.

‘కాశీ మజిలీ కథలు’ పన్నెండు భాగాలుగా అల్లిన మధిర సుబ్బన్న దీక్షితులుది గోదావరి సీమే. ఆ కథల నుంచి ప్రేరణ పొందిన 1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమాలో సంజీవని దుష్టుడి పక్షానికి చేరింది. నాయకుడు తోటరాముడు నేపాళ మాంత్రికుణ్ణి బలి ఇచ్చాక, మాంత్రికుడి శిష్యుడు సదాజప వెతుక్కుంటూ వచ్చి సంజీవని మూలికతో గురువును లేపుతాడు. కథ మళ్లీ మొదటికొస్తుంది. నాయకుడికి దక్కిన సుఖమంతా ఒక్క మూలికతో కూలిపోతుంది. ఎంత గట్టి ఎత్తు!

అమెరికా ఆట ఈ లెక్కను డబ్బుతో తేల్చింది. దాని అయిదో కూర్పులో చచ్చి పది రోజులు దాటనివాణ్ణి లేపడానికి 500 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి. ధనవంతుడైన వీరుడికి అదొక ఖర్చా! శుక్రుడు తన పొట్టనే పణంగా పెట్టాడు.

రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో ఇలాంటి ఆటలు ఆడించే కుర్రవాళ్లకు నా మనవి ఒక్కటే. వజ్రాల పట్టిక తెరిచేముందు ఆదిపర్వంలో కచుడి కథ చదవండి. మీ ఆటలో చచ్చినవాడు లేచాక ఎవరికి ఏ వరస అవుతాడో ముందే రాసిపెట్టుకోండి.