ఓబీ గుట్టమీద తొలి మొక్కలు

గోదావరిఖని విద్యార్థులకు ఓబీ గుట్ట అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం ఒక మాట. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పొర మీద ఉన్న మట్టినీ రాతినీ తవ్వి, డంపర్లతో ఒకచోట పోస్తారు. అదే ఓవర్ బర్డెన్, వాడుకలో ఓబీ. రామగుండం ప్రాంతంలో 1960ల ఆరంభంలో మొదలైనవి భూగర్భ గనులు. 1970ల మధ్య నుంచి సింగరేణిలో ఓపెన్‌కాస్టు పద్ధతి వచ్చింది. ఈ గుట్టలు ఆ తర్వాత పెరిగినవే.

పురావస్తు తవ్వకంలో పై పొర కొత్తది, కింది పొర పాతది అని మీకు తెలుసు. ఓబీ గుట్టలో ఆ వరుస తలకిందులవుతుంది. రైతులు తరతరాలుగా పెంట తోలి సాగుచేసిన చేను మట్టిని గనిలో ముందుగా తవ్వుతారు. దాన్ని విడిగా దాచకపోతే అది గుట్ట అడుగున పడుతుంది. సుమారు 25 కోట్ల సంవత్సరాల నాటి గోండ్వానా ఇసుకరాయి పైకి వస్తుంది. అందులో మొక్కకు కావలసిన నత్రజని దాదాపు ఉండదు. వాన నీరు నిలవదు. వాలు కోసుకుపోతుంది. నల్లటి రాతిముక్కలు ఎండకు కాలిపోతాయి. ఒకరకంగా ఇది అగ్నిపర్వతం చల్లారిన మర్నాటి నేలలాంటిది.

అలాంటి నేల చరిత్ర మనకు బాగా తెలిసినది ఇండోనేషియాలోని క్రకటోవా దీవిది. 1883 ఆగస్టులో ఆ అగ్నిపర్వతం పేలింది. మరుసటి ఏడాది మే నెలలో వెళ్ళిన ఒక ఫ్రెంచి బృందానికి అక్కడ ఒక చిన్న సాలీడు తప్ప ప్రాణి కనిపించలేదు. 1886లో వృక్షశాస్త్రజ్ఞుడు మెల్కియోర్ ట్రాయిబ్ వెళ్ళేసరికి బూడిదమీద నీలి ఆకుపచ్చ శైవలాల పొర, ఫెర్న్ మొక్కలు ఉన్నాయి. 1897 నాటికి గడ్డి పరుచుకుంది. అందులో ముఖ్యమైనది మన గోదావరి ఒడ్డున తెల్లగా పూసే రెల్లే! గాలికి ఎగిరే దూది విత్తనం దాని బలం. 1930 నాటికి అక్కడ అడవి కమ్ముకుంది.

ఓబీ గుట్టకు సముద్రం దాటే పని లేదు, పక్క చేను గట్టు చాలు. జిల్లేడు విత్తనం దూదితో ఎగిరి వస్తుంది. వెంపలి వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. ఎరువు లేని చోట వెంపలి తన ఎరువు తానే తయారు చేసుకుంటుందన్నమాట. తంగేడునూ జిల్లేడునూ మేకలు ముట్టవు కాబట్టి అవి మిగులుతాయి. సర్కారు తుమ్మది వేరే కథ. అమెరికా ఖండాల నుంచి 19వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చిన చెట్టు అది. దాని పేరులోనే ప్రభుత్వం ఉంది.

ఇక అసలు చిక్కు. క్రకటోవా కథను 1929లో బాకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రశ్నించాడు. పేలుడు తర్వాతి మొదటి ఏళ్ళలో దీవి మొత్తాన్ని వెతికిందెవరు? ఒక్క వేరు కూడా బతకలేదని ఎలా చెప్పగలం? ఆ లోటు తర్వాత ఎవరూ పూడ్చలేకపోయారు. నా దృష్టిలో ఇది వృక్షశాస్త్రం కంటే చరిత్ర రచనకు పెద్ద పాఠం.

మన గుట్టలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. పచ్చగా కనిపించే గుట్టమీద వరుసల్లో నీలగిరి ఉంటే అది నాటినది. వరుస తప్పి వెంపలి, రెల్లు ఉంటే అవి వాటంతట అవే వచ్చినవి. దూరం నుంచి రెండూ పచ్చదనమే, లెక్కలోనూ రెండూ ఒకటే కావచ్చు. కానీ భూమి కోల్పోయిన రైతు అడిగేది పచ్చదనం గురించి కాదు, అక్కడ మళ్ళీ జొన్న పండుతుందా అని. వెంపలి మొలిచిందంటే నేల తయారవడం మొదలైందని మాత్రమే అర్థం. దాన్ని చేను తిరిగొచ్చినట్లు చూపడం నేను ఒప్పుకోను.

అభ్యాసం: మీకు దగ్గరలో, అనుమతితో చేరగల పాత ఓబీ గుట్టను ఎంచుకోండి. పోయడం ఆపిన సంవత్సరాన్ని అక్కడ పనిచేసి రిటైరైన ఇద్దరిని వేర్వేరుగా అడిగి రాసుకోండి. పది అడుగుల చదరంలో నాటిన మొక్కలనూ, వాటంతట అవే వచ్చినవాటినీ వేరుగా లెక్కపెట్టండి. తేదీ వేయడం మరవకండి. వచ్చే వానాకాలం తర్వాత అదే చోట మళ్ళీ లెక్కించండి.