నింద మోసిన వెనక డ్రమ్ము

1983లో ఫరీదాబాద్ ఎస్కార్ట్స్ ఫ్యాక్టరీ నుంచి రాజ్‌దూత్ 350 రోడ్డెక్కింది. యమహా ఆర్‌డీ 350బీకి అది మన దేశపు రూపం. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, ఆరు గేర్లు, 30 హార్స్ పవర్ పైమాటే. అప్పటిదాకా రాజ్‌దూత్ అంటే పాల క్యాన్లు మోసే 175 బండి. ఒక్కసారిగా ఇంత వేగం చేతికొచ్చేసరికి కుర్రకారు నిలవలేకపోయింది.

జపాన్ బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ ఉండేది. ఖర్చు తగ్గించుకోవడానికి ఇక్కడ దాన్ని తీసేసి డ్రమ్ము పెట్టారు. పైగా టూ స్ట్రోక్ ఇంజన్. యాక్సిలరేటర్ వదిలేసినా ఫోర్ స్ట్రోక్ బండిలాగా గట్టిగా వెనక్కి పట్టి ఆపదు, భారమంతా బ్రేకులదే. ఆ బండికి కీడు అక్కడే మొదలైందని నేను నమ్ముతాను.

ముందు బ్రేక్ పట్టుకుంటే బోర్లా పడతామన్న భయం మనవాళ్లలో ఎప్పటినుంచో ఉంది. అందుకని అందరూ వెనక బ్రేక్ తొక్కే కుడికాలినే నమ్ముకున్నారు. బ్రేక్ పడగానే బరువు ముందుకు వాలుతుంది, వెనక టైరు తేలికైపోతుంది. అప్పుడు ఇంకా గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని బండి పక్కకు జారుతుంది. పడినవాడు లేచి, వెనక బ్రేక్ బాగోలేదంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేవాడు.

షెడ్డులో జరిగింది తలచుకుంటే ఇంకా బాధ. పెడల్ లోతుకు దిగుతోందంటే, దాన్నుంచి వెనక డ్రమ్ముకు వెళ్లే రాడ్ చివరి నట్టు బిగించేవాళ్లు. మరలు అయిపోతే క్యామ్ లివర్ ఊడదీసి, ఒక పన్ను జరిపి మళ్లీ తొడిగేవాళ్లు. పెడల్ పైకొచ్చేది, బండాయన మురిసిపోయేవాడు. లోపల లైనింగ్ మాత్రం షూ లోహం తేలేదాకా అరిగిపోయి ఉండేది. బ్రేక్ నొక్కినప్పుడు రాడ్డుకీ లివరుకీ మధ్య కోణం 90 డిగ్రీలు దాటిందంటే కాలి బలం దండగ. ఇంకా అరిగితే క్యామ్ అడ్డం తిరిగి షూలు అలాగే పట్టేసే ప్రమాదం ఉంది.

చక్రం ఊడదీసి చూసే ఓపిక ఉంటే డ్రమ్మే అన్నీ చెప్పేది. లైనింగ్ అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దాలి. జిడ్డు కనిపిస్తే హబ్ సీలుతోపాటు షూలూ మార్చాలి. ఒకసారి నూనె పీల్చుకున్న లైనింగ్ పెట్రోలుతో కడిగినా మునుపటిలా పట్టదు. కాలి కింద పెడల్ అదురుతోందంటే డ్రమ్ము గుండ్రం తప్పినట్టు. తొక్కిన పెడల్ బద్ధకంగా పైకొస్తే క్యామ్ ఎండిపోయినట్టు, వేలికి అంటినంత గ్రీజు చాలు దానికి. చైన్ బిగించిన ప్రతిసారీ వెనక బ్రేక్ కూడా సరిచూడాలి, చక్రం జరిగితే రాడ్ బిగుస్తుంది కనుక. యాక్సిల్ నట్టు ఆఖరి బిగింపు వేసేటప్పుడు పెడల్ తొక్కి పట్టుకుంటే షూలు సరిగ్గా నడుమకు వచ్చి కూర్చుంటాయి. బ్రేక్ ప్లేటును కదలకుండా పట్టి ఉంచే టార్క్ రాడ్‌కు పిన్ను పెట్టకుండా పంపడం మాత్రం క్షమించరానిది. అది ఊడితే ప్లేటు చక్రంతోపాటు తిరిగి, నడుస్తున్న బండి ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదేవాళ్లు, ఆ రోజుల్లో లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేదని తెలియక.

తర్వాత లో టార్క్ పేరుతో ఇంజన్ బలం తగ్గించారు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది, అదే ఏడు ఎస్కార్ట్స్ వారిదే ఆర్‌ఎక్స్ 100 కూడా. పెట్రోలు లెక్క చూసుకునే ఇంట్లో 350కి చోటు లేకపోయింది. విడిభాగాలు ప్రియమయ్యాయి. దశాబ్దం ముగిసేసరికి తయారీ నిలిచిపోయింది.

మిగిలినవాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెనక పాత షూలకే కొత్త లైనింగ్ అతికించి నడుపుతున్నారు. ముందు చక్రానికి, ఫ్యాక్టరీ తీసేసిన చోటే, కొందరు సొంత ఖర్చుతో డిస్క్ బిగించుకుంటున్నారు.