భిలాయ్‌కి వచ్చిన మూడు దారులు: వలస చట్టాల చరిత్ర, మౌలిక సూత్రాలు

వలస చట్టం అనగానే మనకు విమానాశ్రయం, పాస్‌పోర్టు మీద పడే ముద్ర, వీసా కోసం నిలబడే వరుస గుర్తుకు వస్తాయి. అదంతా విదేశాలకు వెళ్లేవారి గొడవ, మనకెందుకు అనుకుంటాం. కాని పుట్టిన ఊరు వదిలి ఇంకో ఊరు చేరిన ప్రతి కుటుంబం జీవితంలోనూ ఏదో ఒక రోజు ఈ చట్టం తలుపు తడుతుంది. ఆ సంగతి అర్థం కావాలంటే ఒక ఊరిని దగ్గరగా చూడాలి. అందుకు ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్‌ని ఎంచుకుందాం.

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం, సోవియట్ ప్రభుత్వం ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు తయారుచేసే కర్మాగారాన్ని నిర్మించాలన్నది ఆ ఒప్పందం. అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, బొంబాయి–హౌరా రైలుమార్గం మీద ఉన్న భిలాయ్ అనే పల్లె ప్రాంతాన్ని అందుకు ఎన్నుకున్నారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాలుగేళ్లలో పొలాల నడుమ ఒక నగరం లేచింది. మరి ఆ నగరాన్ని కట్టినవారు ఎక్కడివారు?

మూడు దారులు

మొదటి దారిలో సోవియట్ ఇంజనీర్లు, నిపుణులు వచ్చారు. వారి నిర్మాణ పనులకు నాయకత్వం వహించిన వేనియమిన్ దిమ్‌షిత్స్ తరువాత సోవియట్ ప్రభుత్వంలో ఉన్నత పదవులు చేపట్టారు. ఈ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ ఉద్యానాన్ని భిలాయ్ పిల్లలందరూ ఎరుగుదురు.

రెండో దారిలో దేశం నలుమూలల నుంచి కార్మికులు, ఉద్యోగులు వచ్చారు. వారిలో తెలుగువారు ఎందరో. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1930ల తొలినాళ్లకే పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి భిలాయ్ ఒక రైలు ప్రయాణం దూరమే. నగరంలో క్యాంప్-1, క్యాంప్-2 అనే పేటల పేర్లు నిర్మాణ కూలీలు గుడిసెలు వేసుకున్న కాలాన్ని నేటికీ గుర్తు చేస్తాయి.

మూడో దారి భిలాయ్‌కి కొద్ది దూరంలో, రాయపూర్ పక్కనే ఉన్న మానా దగ్గర ఆగింది. తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు చేతపట్టుకుని వచ్చిన శరణార్థులకు 1964లో అక్కడ పెద్ద శిబిరం వెలిసింది. అక్కడి నుంచి వారిని దండకారణ్య ప్రాంతానికి, ఇతర చోట్లకు పంపి స్థిరపరిచారు.

గమనించండి. ఇంచుమించు ఒకే కాలం, ఒకే ప్రాంతం. ముగ్గురూ పుట్టిన ఊరు వదిలినవారే. కాని చట్టం ఈ ముగ్గురినీ మూడు రకాలుగా చూసింది. ఎందుకు?

విదేశీయుడు ఎవరు?

విదేశీయుల గురించి మన దేశంలో బ్రిటిష్ పాలకులు 1864లోనే ఒక చట్టం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో, భారతదేశంలో ప్రవేశించడానికి పాస్‌పోర్టు ఉండాలనే చట్టం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో విదేశీయులు తమ పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం వచ్చింది. యుద్ధం ముగిశాక 1946లో విదేశీయుల చట్టం వచ్చింది. ఈ వరుసలో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఇవి యుద్ధకాలపు అనుమానాల మధ్య పుట్టిన చట్టాలు. అందుకే వాటిలో ప్రభుత్వానికి అధికారాలు ఎక్కువ, వ్యక్తికి హక్కులు తక్కువ.

స్వతంత్ర భారతం ఈ చట్టాలనే కొనసాగించింది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 17వ అంశం పౌరసత్వం, విదేశీయులు. 19వ అంశం దేశంలోకి రావడం, దేశం విడిచి వెళ్లడం, పాస్‌పోర్టులు, వీసాలు. అంటే ఈ విషయాల మీద శాసనం చేసే అధికారం పార్లమెంటుదే, రాష్ట్రాలది కాదు. అయితే విదేశీయుల నమోదు వంటి పనులు జిల్లాల్లో సాధారణంగా పోలీసు సూపరింటెండెంటు చేతిలో ఉంటాయి.

1946 చట్టంలో రెండు సూత్రాలు ముఖ్యమైనవి. విదేశీయుల రాకను, ఉనికిని, పోకను ప్రభుత్వం ఉత్తర్వుల ద్వారా నియంత్రించవచ్చు, ఇది మొదటిది. రెండోది మరింత కఠినమైనది. ఒక వ్యక్తి విదేశీయుడా కాదా అనే వివాదం వస్తే, తాను విదేశీయుడిని కానని రుజువు చేసుకోవలసిన భారం ఆ వ్యక్తిదే. మామూలు నేర విచారణలో నేరం మోపినవారు రుజువు చేయాలి. ఇక్కడ లెక్క తారుమారవుతుంది. కాగితాలు లేని పేదవాడికి ఇది ఎంత బరువో మీరే ఊహించండి.

మరో విచిత్రం చూడండి. ఆ చట్టంలోని పాత నిర్వచనం ప్రకారం బ్రిటిష్ ప్రజలుగా పుట్టినవారు విదేశీయులు కారు. అందువల్ల దేశ విభజన జరిగి పదేళ్లు కావస్తున్నా, పాకిస్తాన్ నుంచి వచ్చిన అనేకులు ఆ చట్టం లెక్కలో విదేశీయులు కాలేదు. 1957లో సవరణ చేసి, భారత పౌరుడు కానివాడు విదేశీయుడు అని నిర్వచనాన్ని మార్చారు.

న్యాయస్థానాలు ఏమన్నాయి? భిలాయ్ ఒప్పందం కుదిరిన 1955లోనే సుప్రీంకోర్టు హాన్స్ ముల్లర్ కేసులో తీర్పు చెప్పింది. విదేశీయుణ్ణి దేశం నుంచి పంపివేసే అధికారం ప్రభుత్వానికి సంపూర్ణంగా ఉందన్నది ఆ తీర్పు సారం. 1991లో లూయీ డి రేడ్ కేసులో, విదేశీయుడికి రాజ్యాంగంలోని 21వ అధికరణ ప్రకారం ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ ఉందని, కాని దేశంలో స్థిరపడే హక్కు మాత్రం లేదని కోర్టు చెప్పింది. అంటే విదేశీయుడి ప్రాణాన్ని కాపాడవలసిన బాధ్యత మనదే. అతడు ఇక్కడ ఉండాలా వద్దా అన్నది ప్రభుత్వ నిర్ణయం.

ఈ పాత చట్టాల శకం 2025లో ముగిసింది. ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. 1920, 1939, 1946 చట్టాలు, విమాన, నౌకా సంస్థల బాధ్యతకు సంబంధించిన 2000 నాటి చట్టం, మొత్తం నాలుగూ రద్దయ్యాయి. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశిస్తే 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. రుజువు భారం మాత్రం కొత్త చట్టంలోనూ పాత చోటనే ఉంది.

పౌరుడు ఎవరు?

విదేశీయుడు అంటే పౌరుడు కానివాడు అన్నాక, పౌరుడు ఎవరో తెలియాలి. పౌరసత్వ చట్టం కూడా 1955లోనే వచ్చింది. మొదట్లో ఆ చట్టం చాలా ఉదారమైనది. 1950 జనవరి 26 తరువాత భారత భూమి మీద పుట్టిన ప్రతి బిడ్డా పౌరుడే; విదేశీ రాయబారుల పిల్లలకు, శత్రుదేశస్థుల విషయంలో కొన్ని సందర్భాలకు మాత్రం మినహాయింపు. ఆ నియమాన్ని అక్షరాలా అన్వయిస్తే, 1960లో భిలాయ్‌లో ఒక సోవియట్ ఇంజనీరు దంపతులకు బిడ్డ పుట్టి ఉంటే, ఆ బిడ్డ పుట్టుకతోనే భారత పౌరుడు అవుతాడు.

తరువాత ఈ తలుపు మెల్లమెల్లగా మూసుకుంది. 1987 జులై 1 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. కనుక మీ పౌరసత్వానికి మీరు పుట్టిన చోటు ఒక్కటే చాలదు, పుట్టిన తేదీ కూడా ముఖ్యమే.

మరి మానా శిబిరంలోని శరణార్థుల మాటేమిటి? శరణార్థులకు సంబంధించి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడికలోనూ భారత్ చేరలేదు. వారికి అన్నం పెట్టింది, భూమి ఇచ్చింది ప్రభుత్వ విధానమే. విధానం దయతో నడుస్తుంది, దయ మారవచ్చు. హక్కు చట్టంతో నిలుస్తుంది. 2019లో పౌరసత్వ చట్టాన్ని సవరించి, అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవారికి దారి తెరిచారు. మతాన్ని ప్రమాణంగా తీసుకోవడం సరైనదేనా అన్న ప్రశ్న మీద తీవ్రమైన చర్చ సాగింది, కేసులూ దాఖలయ్యాయి.

గీత కదిలితే మనిషి పరాయివాడు

ఇప్పుడు రెండో దారిలో వచ్చిన తెలుగువారి సంగతి చూద్దాం. వారికి వీసా అక్కరలేదు. రాజ్యాంగం 19వ అధికరణ పౌరులకు దేశమంతటా తిరిగే హక్కునూ, ఎక్కడైనా స్థిరపడే హక్కునూ ఇచ్చింది. ఇది ఎంత పెద్ద వరమో తెలియాలంటే బర్మా కథ గుర్తు చేసుకోవాలి.

విశాఖ, గోదావరి తీరాల నుంచి వేలాది తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. 1937 ఏప్రిల్ 1న బర్మాను వేరుచేశారు. ఓడ అదే, రేవు అదే, కూలి పని అదే. కాని కాగితం మీద గీత కదిలింది. 1941లో వలసను కట్టడి చేసే ఒప్పందం జరిగింది. 1942లో జపాను దాడితో లక్షలాది భారతీయులు తిరుగుముఖం పట్టారు. 1962 తరువాత మరికొందరు తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ చరిత్రకు మిగిలిన గుర్తు. ఒకే తీరం నుంచి తాత బర్మా వెళ్లి పరాయివాడయ్యాడు, మనవడు భిలాయ్ వెళ్లి పౌరుడిగానే ఉన్నాడు. తేడా రాజ్యాంగంలో ఉంది.

దేశం లోపలి గీతలు

అయితే వరం సంపూర్ణమా? ఇక్కడ మీలో చాలామందికి నేరుగా తగిలే విషయం ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలను రాజ్యాంగం 341, 342 అధికరణల కింద రాష్ట్రాల వారీగా ప్రకటిస్తారు. మొదటి ఉత్తర్వులు 1950 ఆగస్టు 10న కులాలకు, సెప్టెంబరు 6న తెగలకు వచ్చాయి. ఒక కుటుంబం ఏ రాష్ట్రానికి చెందినదో నిర్ణయించడానికి ఆ తేదీలే కొలబద్ద అయ్యాయి.

తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల కోటా కింద సీటు కోరాడు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కాదన్నది. ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపు ఇంకో రాష్ట్రానికి వెంట రాదని చెప్పింది. వెనుకబాటుతనం ఆయా ప్రాంతాల పరిస్థితులను బట్టి ఉంటుందన్నది కోర్టు వాదన. 2018లో బీర్ సింగ్ కేసులోనూ ఇదే సూత్రాన్ని నిలబెట్టారు.

ఇప్పుడు లెక్క వేయండి. కొలబద్ద తేదీ 1950. భిలాయ్ ఒప్పందం 1955. కాబట్టి కర్మాగారం కోసం వచ్చిన దళిత, గిరిజన తెలుగు కుటుంబం ఏదీ ఆ తేదీని అందుకోలేదు. ఆ కొలిమి దగ్గర తాత చెమటోడ్చినా, మనవరాలికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర కోటాలో చోటు దొరకదు. తండ్రి ధ్రువపత్రం ఆధారంగా కులపత్రం ఇవ్వవచ్చని 1982లో కేంద్ర హోంశాఖ సూచించింది. కాని ప్రయోజనాలు మాత్రం మూల రాష్ట్రంలోనే. మూల రాష్ట్రానికి వెళ్తే మరో గీత ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికత ఎక్కువగా నాలుగేళ్ల చదువును బట్టి తేలుతుంది. భిలాయ్‌లో చదివిన పిల్ల అక్కడ స్థానికేతరురాలు.

మరొక వైపు కూడా చూడాలి. స్థానికంగా ఉన్న గిరిజనుల, దళితుల అవకాశాలను బయటివారు పంచుకుంటే వారికి నష్టం కాదా? ఛత్తీస్‌గఢ్ ఆదివాసీల భూమి మీదనే, వారి కొండల్లోని ఇనుప ఖనిజంతోనే ఆ కర్మాగారం నడిచింది. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. భారతదేశంలో పౌరులందరికీ ఒకే స్థిరనివాసం, అది భారతదేశమే అని సుప్రీంకోర్టు 1984లో ప్రదీప్ జైన్ కేసులో చెప్పింది. ఆ మాటకూ, రాష్ట్రాల వారీ జాబితాలకూ మధ్య ఉన్న ఇరుకులో వేలాది విద్యార్థుల భవిష్యత్తు నలుగుతోంది. దీన్ని సరిచేసే అధికారం కోర్టుల కంటే పార్లమెంటుకే ఎక్కువ.

గుర్తుంచుకోవలసిన నాలుగు ప్రశ్నలు

వలసకు సంబంధించిన ఏ చట్టం మీ ముందుకు వచ్చినా నాలుగు ప్రశ్నలు వేయండి. గీత ఎవరు గీశారు, కేంద్రమా రాష్ట్రమా? ఏ తేదీని ప్రమాణంగా తీసుకున్నారు? రుజువు చేయవలసిన భారం ఎవరి మీద ఉంది? దొరికేది హక్కా, దయా? అమెరికా వీసా నియమమైనా, దుర్గ్ తహసీలు కార్యాలయంలోని ధ్రువపత్రమైనా ఈ నాలుగు ప్రశ్నలతో సగం అర్థమవుతుంది.

ఇంకొక పని కూడా చేయండి. మీ ఇంట్లో తాతగారి ఉద్యోగ నియామక పత్రం, పాత రేషను కార్డు, తల్లిదండ్రుల బడి సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోండి. అవి చెదలు పట్టకముందే నకళ్లు తీసి భద్రపరచండి. చట్టం మనిషిని అతని తేదీలను బట్టి, కాగితాలను బట్టి గుర్తిస్తున్నంత కాలం, ఆ కాగితాలే మీ కుటుంబ చరిత్రకు సాక్షులు.